సుత్తుల నడుమ నిద్ర

ప్రకాశం అబద్ధాలాడే మనిషి కాదు. ఉన్న నిజానికి కాస్త వెండిరేకు అంటిస్తాడు, అంతే. చేతిలో ఉన్న పని అలాంటిది మరి. యాకుత్‌పురా స్టేషను వెనక గల్లీలో, ఘౌస్ మియా కార్ఖానాలో అతను వరఖ్ కొడతాడు. మిఠాయి మీద తళతళలాడే వెండిరేకు లేదూ, అదే వరఖ్. చిన్న చిన్న వెండి ముక్కల్ని తోలు పొరల కట్టలో పొరకొకటి చొప్పున పెట్టి, ఆ కట్టను బండ మీద ఉంచి, ఎడమచేత్తో తిప్పుతూ కుడిచేత్తో సుత్తి దించుతూ ఉండాలి. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాటేసరికి ఆ ముక్క అరచేయంత సాగి, ఊదితే ఎగిరిపోయేంత పలచనవుతుంది. మనిషి మాత్రం సాయంత్రానికి లేవలేనంత బరువవుతాడు.

ఆ శనివారం సాయంత్రం పని దిగి ఇరానీ హోటల్లో కూర్చున్నాడు. ఎదురుగా రిక్షా తొక్కే దుర్గయ్య, పక్కన తనతోపాటే సుత్తి పట్టే రాజన్న.

“నిన్న గూడ్సుబండి కూత ఇన్నవా దుర్గయ్యా? స్టేషన్ల చెట్టు మీది కాకులు రెండు దబ్బున కింద పడ్డయి. మా ఎస్తేరు రెప్ప గూడ కదపలే.”

“కాకులు పడ్డయా?”

“పడ్డయి. ఒకటి లేసిపోయింది. ఇంకోదానికి ఇప్పటిదాంక సోయి రాలే.”

“మరి దవాఖానకన్న తీస్కపోకపోయినవా?”

“తీస్కపోదునే. నీ రిక్షా ఖాళీ లేకపాయె.”

హోటలు యజమాని కూడా గల్లాపెట్టె దగ్గర్నుంచి నవ్వాడు. ప్రకాశం సాసర్లో చాయ్ పోసుకుని, ఊదకుండానే ఒక గుక్క లాగాడు.

“నవ్వుతరేందివయా! పీర్ల పండుగకు మా గడప ముందట్నే డప్పులు కొడ్తరు. గల్లీల పిల్లలందరు తల్లుల కొంగులల్ల దూరి లొల్లి పెడ్తరు. నా బిడ్డ నిద్రల నవ్వుతది. కార్ఖానల సుత్తులు మొదలైనయంటే గోడల సున్నం రాలుతది గదా, ఆ గోడ పక్కకే దాని పక్క. రాణి తీర్గ పంటది. గోల్కొండ కిల్ల మీద తోపు పేల్చినా, ‘జర మెల్లగ’ అని గూడ అనదు.”

“పెట్టి పుట్టింది,” అన్నాడు దుర్గయ్య. “మా ఇంట్ల పిల్లి నడిస్తే లేస్తరు పోరగాళ్లు.”

“ఔ, చక్కెర జర ఎక్కువే ఏసిండు,” అన్నాడు రాజన్న.

అందరూ పగలబడి నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో తెలియకపోయినా రాజన్న కూడా నవ్వాడు. అతని పద్ధతే అంత.

ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు అది. గల్లీకొకరిద్దరు దుబాయ్ పోతున్నారు. పోయినవాళ్లు పంపే డబ్బుతో ఇక్కడ పెళ్లిళ్లు పెద్దవయ్యాయి, పెళ్లిళ్లతోపాటు మిఠాయి పళ్లేలు పెద్దవయ్యాయి. వెండి మెరుపు లేని మిఠాయిని వియ్యంకుడు ముట్టని రోజులొచ్చాయి. ఘౌస్ మియా కార్ఖానాలో ఆరు బండలుండేవి, పదమూడయ్యాయి. ప్రకాశం ఇంట్లోకి ముందు ట్రాన్సిస్టరొచ్చింది, తర్వాత స్టీలు బిందె, ఈ ఎండాకాలం పైకప్పుకు ఫ్యాను. ఇల్లంటే కార్ఖానా వెనకగోడకు ఆనుకున్న ఒక గది. ఘౌస్ మియా కిరాయి తీసుకోకుండా ఇచ్చిన గది. నమ్మకమైన పనివాడు చేతికందేంత దూరంలో ఉండాలని ఆయన కోరిక. అంతటి సేటు తనను అంత దగ్గర పెట్టుకున్నాడని ప్రకాశం గొప్ప.

ప్రకాశం ఇంటికొచ్చేసరికి గోడ అవతల రెండో పాళీ సుత్తులు సాగుతున్నాయి. భార్య రాహేలు గోడవారన కూర్చుని, కొట్టిన రేకుల్ని తోలుపొరల మీంచి ఎత్తి కాగితాల్లో పరుస్తోంది. ఆ పని చేస్తున్నంతసేపూ ఊపిరి బిగబట్టాలి. కాస్త గట్టిగా శ్వాస వదిలితే రేకు గోడకు అంటుకుంటుంది. అందుకే ఫ్యాను తిరగదు. చుట్టాలొచ్చినప్పుడు మాత్రం ప్రకాశం మీట నొక్కి, వాళ్ల జుట్టు ఎగరడం చూసి సంతోషించి, మళ్లీ ఆపేస్తాడు.

ఆ ఇంట్లో మాట నోటితో మొదలుకాదు. సుత్తుల మోతలో ఎంత అరిచినా గొంతు బొంగురుపోవడమే గనక కార్ఖానా వాళ్లంతా చేతులతో మాట్లాడుకుంటారు. బొటనవేలు పెదవికి తాకితే నీళ్లు. చిటికెడు పట్టినట్టు వేళ్లు రుద్దితే ఉప్పు. గడ్డం దువ్వితే సేటు వస్తున్నాడని. అవే సైగలు ఇళ్లలోకీ వచ్చాయి. ఎస్తేరుకు నడక రాకముందే అవన్నీ వచ్చు. మూడేళ్లు నిండి నాలుగో ఏడు నడుస్తోంది, మాటలే ఇంకా రాలేదు. దానికీ ప్రకాశం దగ్గర ఒక కథ ఉంది: “మా తాతకు అయిదేండ్లదాంక మాటల్లేవు. అయిదో ఏట నోరు తెరిచి పట్వారిని తిట్టిండు. ఆ తిట్టుకు పట్వారి ఊరిడిసి పోయిండు.”

రాహేలు ఆఖరి రేకు పరిచి, ఊపిరి వదిలి, వేళ్లతో అడిగింది: సోమవారం?

ప్రకాశం ఛాతీ తట్టుకుని తలూపాడు. సోమవారం రైలు పట్టాలకు అవతలున్న మిషన్ బడికి ఎస్తేరును తీసుకుపోవాలి. రాహేలుకు అక్షరం ముక్క రాదు. ఆదివారం గుడిలో వాక్యం చదివే ఆడపిల్లల గొంతులు వింటున్నప్పుడల్లా ఆమె ఒళ్లోని బిడ్డను దగ్గరికి లాక్కుంటుంది. ఫీజు కట్టే బడి పాతబస్తీ గదుల్లో పుట్టిన పిల్లలకు అందేది కాదు. ఇన్నాళ్లకు అందేట్టయింది. సుత్తులు పెరగబట్టే గదా అందింది అని ఆమె కూడా అనుకుంది. రెండు జళ్లకు ఎర్ర రిబ్బన్లు అప్పటికే కొని, బైబిల్లో మడిచి పెట్టింది.

*

బళ్లో శారదాంబ టీచరు గుడివాడ వైపునుంచి వచ్చినావిడ. మాట నెమ్మది, చూపు నిదానం. ఎస్తేరును ఎదురుగా బల్ల మీద కూర్చోబెట్టి అడిగింది.

“నీ పేరేంటమ్మా?”

ఎస్తేరు టీచరు పెదవుల వంకే చూసి, తనూ పెదవులు తెరిచి మూసింది. తర్వాత అందంగా నవ్వింది.

“సిగ్గు మేడం,” అన్నాడు ప్రకాశం. “ఇంట్ల ఉంటే ఒక్క తాన కూసోదు.”

“బుగ్గలేవీ, చూపించు?”

టీచరు వెనక నిలబడ్డ ప్రకాశం తన బుగ్గ మీద వేలు పెట్టుకున్నాడు. ఎస్తేరు వెంటనే బుగ్గ చూపించింది. ముక్కన్నప్పుడు ముక్కు, జుట్టన్నప్పుడు జుట్టు. శారదాంబ మెచ్చుకోబోయి, పిల్ల చూపు తన భుజం మీదుగా పోతోందని గమనించి, వెనక్కి తిరిగింది. ప్రకాశం చెయ్యి ఇంకా జుట్టు మీదే ఉంది.

“మీరు సైగలు చేస్తున్నారా?”

“మా ఇంట్ల గంతే మేడం. అలవాటు.”

“మీరిద్దరూ కాస్త గుమ్మం బయట నిలబడండి.”

బయట నిలబడ్డారు. శారదాంబ మళ్లీ అడిగింది. ఎస్తేరు మళ్లీ నవ్వింది. అంతలో బంట్రోతు కిటికీ పక్కన వేలాడే రైలుపట్టా ముక్క మీద ఇనపకడ్డీతో గంట కొట్టాడు. గదిలో వరసగా కూర్చున్న పిల్లలందరి తలలూ ఒక్కసారి అటు తిరిగాయి. పలకలు సంచుల్లోకి పోయాయి. ఒకడు లేచి పరిగెత్తాడు. కిటికీకి జానెడు దూరంలో కూర్చున్న ఎస్తేరు మాత్రం బల్ల మీది గీతను వేలితో మెల్లగా దిద్దుతూ ఉండిపోయింది.

శారదాంబ లేచి పిల్ల వెనక్కి వెళ్లి, చెవి పక్కన చప్పట్లు కొట్టింది. ఇంకోవైపు కొట్టింది. తన చేతులే ఎర్రబడ్డాయి.

గుమ్మంలోంచి ప్రకాశం నవ్వాడు. “గిదో సప్పుడా మేడం మా బిడ్డకు! గూడ్సు కూతకు కాకులు రాలినా…”

టీచరు నవ్వలేదు. అతని మాట సగంలోనే ఆగింది.

“ఏమండీ, కోప్పడకండి. మీ పాపకు చెవులు వినపడుతున్నట్టు లేదు. ముందు డాక్టరుకి చూపించండి. ఇక్కడ చేర్చుకుంటే ఏడాదంతా నవ్వుతూ కూర్చుంటుంది, ఏమీ అందదు. అది పాపం కదా.”

రాహేలు చేతిలోని రిబ్బన్లు చుట్టచుట్టుకున్నాయి. ప్రకాశం ముఖం నల్లబడింది. తోవ పొడుగునా టీచరును తిట్టాడు. ఊరు కాని ఊరు నుంచి వచ్చి గొప్పింటి పిల్లలకే సీట్లిస్తారన్నాడు, కుంటిసాకులు చెబుతారన్నాడు. పట్టాల దగ్గర గేటు పడింది. రైలు కూతపెడుతూ వచ్చింది. రాహేలు బిడ్డను భుజం మీదికెత్తుకుని, రైలుకు వీపు పెట్టి నిలబడి, బిడ్డ ముఖం చూసింది. ఎస్తేరు అమ్మ ముక్కుపుడక పట్టుకుని ఆడుతోంది. గేటు కదిలేదాకా అలాగే ఆడింది.

*

సాయంత్రం సుత్తులు ఆగాయి. ఆ రోజు రెండో పాళీ లేదు. గల్లీలో ఆ కాస్తసేపే మామూలు మనుషుల చప్పుళ్లు వినబడతాయి: పంపు దగ్గర బిందెలు, ఎవరో పిల్లను కసిరే గొంతు.

ఎస్తేరు నేల మీద అటు తిరిగి కూర్చుని గవ్వలతో ఆడుకుంటోంది. ప్రకాశం పిల్లిలా వెనకగా వెళ్లి స్టీలు పళ్లేన్ని బండల మీద వదిలాడు.

ఎస్తేరు గిర్రున వెనక్కి తిరిగింది.

“సూసినవా! సూసినవానే!” ప్రకాశం బిడ్డను ఎత్తి పైకెగరేశాడు. తలుపు తీసి గల్లీలోకి అరిచాడు. “బిచ్చపతన్నా! పళ్లెం పడంగనే తిరిగింది! ఆ టీచరమ్మకే చెవుడు! ఆమెనే దవాఖానకు తోల్కపోతా!”

ఎదురింటి భిక్షపతి, అతనూ ఆ కార్ఖానా మనిషే, ఏమీ అర్థం కాకపోయినా చెయ్యి ఊపాడు. రాహేలు మాత్రం పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు. పళ్లెం పడ్డప్పుడు ఆమె పాదాల కింద బండ జుమ్మంది. ఆ బండ పొడుగు పలక, గోడ కిందినుంచి కార్ఖానాలోకి పోతుంది. అవతల సుత్తులు పడుతుంటే రోజంతా ఇక్కడ మనిషి అరికాళ్లలో ఆ మోత పారుతూనే ఉంటుంది.

ఆమె లేచి, బిడ్డను తీసుకుని నులకమంచం మీద గోడవైపు తిప్పి కూర్చోబెట్టింది. పళ్లేన్ని కింద పడేయలేదు. చేత్తో గాల్లో ఎత్తిపట్టుకుని గరిటెతో కొట్టింది.

ఎస్తేరు గవ్వను పెదవుల మధ్య పెట్టుకుంది.

మళ్లీ కొట్టింది. గల్లీలో కుక్క లేచింది. ఎస్తేరు లేవలేదు. పేరు పెట్టి పిలిచింది. ముద్దుపేర్లన్నిటితో పిలిచింది. చివరికి పక్కింటామె వచ్చి గుమ్మంలో నిలబడి “ఏమైందమ్మా?” అని అడిగేంత గట్టిగా పిలిచింది.

“అది ఇంటలేదు,” అంది రాహేలు మొగుడి వైపు తిరిగి, ఒక్కొక్క మాటా విడదీసి. “దానికి బండ చెప్తున్నది.”

ప్రకాశం పళ్లెం లాక్కుని తనే కొట్టాడు. వంగి చెవి దగ్గర పెట్టి కొట్టాడు. నీడ మీద పడేసరికి ఎస్తేరు తిరిగి చూసి, నాన్న ఆట ఆడుతున్నాడనుకుని, పళ్లెం కోసం చేతులు చాచింది. ప్రకాశం పళ్లెం ఇచ్చేశాడు. మంచం పట్టె మీద కూర్చున్నాడు. రైలుకూ, డప్పులకూ, తోపులకూ లేవని నిద్రను ఇన్నాళ్లూ హోటల్లో చాయ్‌కొకటి చొప్పున తానే పంచిపెట్టాడు. ఒక్కరైనా, ఒక్కరంటే ఒక్కరైనా, “పిల్లలు గట్ల పండరు గదా భాయ్” అనలేదు. తను మాత్రం ఎన్నడనుకున్నాడు గనక?

*

మర్నాడు దుర్గయ్య రిక్షాలో పెద్ద దవాఖానాకు తీసుకుపోయాడు. కిరాయి మాట ఎత్తితే కసిరాడు. చెవుల డాక్టరు గది ముందు జనం గోడలకు అతుక్కుని కూర్చున్నారు. తలుపు దగ్గర వార్డుబాయి చీటీలు చదువుతున్నాడు.

“ప్రకాశం! ఎవరయ్యా ప్రకాశం? ఎస్తేరు తండ్రి ప్రకాశం!”

ప్రకాశం నేలకేసి చూస్తున్నాడు. ఏదో ఆలోచనలో ఉన్నాడనుకుని రాహేలు మోచేత్తో పొడిచింది. అప్పుడు లేచాడు.

డాక్టరు ఉమాపతి నడివయసు మనిషి, కోస్తా మాట. రెండు కొమ్మల ఇనుప శ్రుతికడ్డీని మోగించి పిల్ల చెవి దగ్గర పెట్టాడు, చెవి వెనక ఎముకకు ఆనించాడు. ఎముకకు ఆనగానే ఎస్తేరు కళ్లు పెద్దవయ్యాయి. అద్దాల గదిలోకి పంపారు. డబ్బాలోంచి రకరకాల మోతలు. చాలాసేపటికి డాక్టరు చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

“లోపలి నరం దెబ్బతింది. పుట్టుకతోనే ఉందో, తరవాత వచ్చిందో ఇప్పుడు ఖాయంగా చెప్పలేను. మీ ఇంట్లో పెద్ద చప్పుడేమైనా ఉంటుందా? మిషన్లూ అవీ?”

“ఏం సప్పుడు లేదు సార్,” అన్నాడు ప్రకాశం. “నిమ్మళమైన ఇల్లు.”

అతను అబద్ధం ఆడలేదు. ఆ ముఖంలో వెండిరేకు కూడా లేదు. రాహేలు అతని వైపు అలా చూస్తూ ఉండిపోయింది. తర్వాత తనే చెప్పింది: సుత్తులు, గోడ, పక్క, బండ. కడుపుతో ఉన్నప్పుడు కూడా అదే గోడకు ఒరిగి పని చేసేదాన్నని చెప్పింది.

ఉమాపతి కళ్లజోడు తీశాడు.

“పూర్తిగా పోలేదమ్మా. కాస్త మిగిలింది. చెవికి మిషను పెట్టి, వినపడని పిల్లలకు చెప్పే బడిలో వేస్తే మాటలు నేర్చుకోవచ్చు. ఇలాంటి పిల్లలు చదువుకున్నారు, నేను చూశాను. కానీ ముందు ఆ గదిలోంచి తీసేయండి. ఇవాళే తీసేయండి. ఆ మిగిలింది కూడా పోతే నేనేం చెయ్యలేను.”

బయటికొచ్చాక మెట్ల మీద ప్రకాశం అన్నాడు. “ఇల్లెట్ల ఇడుస్తమే? కిరాయి లేని ఇల్లు. పైన ఇంకో అంతస్తు లేపుతుండు సేటు. నన్ను మేస్త్రిని చేస్తనన్నడు. పైన రెండర్రలు మనకే. మిషను కొనాలంటే సుత్తి కొట్టాలె గదా? సుత్తి ఇడిస్తే మిషనేడికెళ్లి వస్తది?”

“ముందు బిడ్డను ఇడిపియ్యి,” అంది రాహేలు. “సుత్తి సంగతి తర్వాత.”

“జర నిదానించు. డాక్టర్లు గట్లనే భయపెడ్తరు. నేను పిల్లప్పటి సంది సుత్తుల మధ్యనే ఉన్న. నాకేమైంది? నా చెవులు గంటల తీర్గ ఉన్నయి.”

రాహేలు మెట్లు దిగింది. రిక్షాలో బిడ్డ చెవుల మీద రెండు అరచేతులూ కప్పి కూర్చుంది, ఎండకు అడ్డం పెట్టినట్టు.

*

బుధవారం ఉదయం ప్రకాశం పనిలోకి పోయాడు. రాహేలు ట్రంకుపెట్టె సర్దింది. బట్టలు, బైబిలు, పళ్లేలు. దుర్గయ్య ఉండే వాడలో, పట్టాలకు చాలా దూరంగా, ఒక మట్టిగోడల గది ఖాళీగా ఉందట. ఫ్యాను పీకడం ఆమెకు చేతకాలేదు. అలాగే వదిలేసింది. మధ్యాహ్నం సుత్తులు ఆగి నీడ ఆవరణలోకి వచ్చే వేళకు బిడ్డను చంకనెత్తుకుని కార్ఖానాలోకి వెళ్లింది. మొగుడికి ఒక మాట చెప్పి పోదామనే. వస్తే మంచిది, రాకపోతే తను పోయేదే.

పదమూడు మందీ ఆవరణలో గోడ నీడకు వరసగా, ద్వారానికి వీపులు పెట్టి, టిఫిను డబ్బాలు తెరుచుకుని కూర్చున్నారు. మాటల్లేవు. కూర మార్చుకునే చేతుల సైగలు మాత్రం నడుస్తున్నాయి.

“ఇగో, జర ఇనున్రి,” అంది రాహేలు.

వరస చివర కూర్చున్న బుచ్చయ్య ఒక్కడే తిరిగాడు. దేవరకొండ వైపు మనిషి. చేలెండి, పెళ్లాం పిల్లల్ని అత్తగారింట వదిలి వచ్చి, పనిలో చేరి నెల కూడా కాలేదు. నోట్లో ముద్ద అలాగే ఉంచుకుని “ఏందక్కా?” అన్నాడు.

మిగతా పన్నెండు వీపులూ కదల్లేదు. మొదట రాహేలుకు కోపమొచ్చింది. ఆడమనిషి వస్తే తిరిగి చూడరా అనుకుంది. తర్వాత ఇంకో అడుగు దగ్గరికి వేసింది.

“రాజన్నా!”

నాలుగడుగుల దూరంలో రాజన్న పచ్చిమిరపకాయ కొరికాడు.

“బిచ్చపతన్నా! అంజనన్నా!”

అంజన్ డబ్బా మూత పెట్టుకుంటున్నాడు. ఎవరి భుజమూ ఉలకలేదు. గోడ మీది పావురాలు లేచిపోయాయి. బుచ్చయ్య వాళ్ల వంకా ఆమె వంకా చూస్తూ ముద్ద మింగడం మరిచాడు.

ఇంక ఒక వీపు ఉంది. చెమటతో అంటుకున్న ఆ బనీను తను ఉతికిందే. పెళ్లినాడు పాస్టరుగారు పలికించిన ఒక్కసారి తప్ప రాహేలు ఆ పేరు నోటితో అనలేదు. దవాఖానాలో కూడా చీటీ దగ్గర ఆయన్నే చెప్పమంది. ఇప్పుడు ఊపిరి నిండా తీసుకుంది.

“ప్రకాశం!”

బుచ్చయ్య పక్కున నవ్వబోయి, ఆగిపోయాడు.

“ప్రకాశం! ఓ ప్రకాశం!”

చంకలో ఎస్తేరు అమ్మ గొంతు మీద అరచెయ్యి ఆనించి, అక్కడ ఏదో అదురుతుంటే ముచ్చటగా ఆమె ముఖంలోకి చూస్తోంది. ప్రకాశం వేళ్లు నాకి, డబ్బా అడుగున ఇంకేమైనా ఉందా అని చూసుకున్నాడు.

“క్యా హువా బేటీ? ఎందుకు గంత అరుస్తున్నవ్?”

ద్వారంలో ఘౌస్ మియా. చార్మినార్ దగ్గరి దుకాణం నుంచి లెక్కకు వచ్చినట్టున్నాడు. ఆయన రోజంతా అక్కడే గద్దె మీద కూర్చుంటాడు. ఇక్కడికి పొద్దుకొకసారి వస్తాడు.

“మీరు గూడ పిలువున్రి సేటూ,” అంది రాహేలు.

ఆయనకు అర్థం కాలేదు. గడ్డం దువ్వుకుని, “అరె ప్రకాశం!” అన్నాడు. తర్వాత కాస్త గట్టిగా. తర్వాత సేటు గొంతుతో, పనివాళ్లను అదిలించే గొంతుతో. పన్నెండు మంది నెమ్మదిగా తింటున్నారు. ఘౌస్ మియా ద్వారబంధం పట్టుకున్నాడు.

“యా అల్లా,” అన్నాడు. “నేను వచ్చి ఎంత తిట్టినా ఒక్కడు ఎదురు మాట అనడు. ఊరంత చెప్పుకున్న నేను. నా మనుషులకు ఎంత అదబ్, ఎంత మర్యాద అని. పెళ్లిళ్లల్ల చెప్పిన…” గడప మీదే కూలబడ్డాడు. “అదబ్ అనుకున్న బేటీ.”

బుచ్చయ్య పక్కవాడి మోకాలు తట్టాడు. అతను ఇంకొకణ్ని. వరసంతా ఒకరి వెంట ఒకరు తిరిగారు. సేటును చూసి గబగబా లేచారు. ప్రకాశం డబ్బా కింద పెట్టి వచ్చాడు.

“ఏమైంది? ఎప్పుడొచ్చినవ్?” అన్నాడు. అవసరం లేనంత గట్టిగా. ఎప్పుడూ అంత గట్టిగానే మాట్లాడతాడు. ఇంతకాలం అది అతని హుషారు అనుకుంది ఆమె.

“నీ పేరు పెట్టి పిలిచిన,” అంది రాహేలు.

ప్రకాశం ఆమె పెదవులు చూశాడు. ముఖమంతా నవ్వయింది. “నువ్వా? నా పేరా? ఓయబ్బ! కోతలు కోసుడు నువ్వు గూడ నేర్చినవానే?” అని రాజన్న వైపు తిరిగి కన్ను కొట్టాడు.

రాజన్న నవ్వాడు, ఎందుకో తెలియకపోయినా. ఇంకెవరూ నవ్వలేదు. ప్రకాశం బుచ్చయ్యను చూశాడు, తల దించుకున్నాడు బుచ్చయ్య. గడప మీద కూర్చున్న సేటును చూశాడు. ఘౌస్ మియా చేతి రుమాలు కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు. ప్రకాశం నవ్వు ముఖం మీద అలాగే ఉండి, లోపలినుంచి ఖాళీ అవుతూ వచ్చింది. చెయ్యి మెల్లగా పైకి లేచి చెవిని తాకి, అక్కడేదో వస్తువు పెట్టి మరిచిపోయినవాడిలా తడుముకుంది.

“ఎన్నిసార్లు?” అన్నాడు. ఈసారి గొంతు చాలా చిన్నది.

రాహేలు బిడ్డను చంక మార్చుకుంది.

ఘౌస్ మియా లేచాడు. ప్రకాశాన్ని ఇవాళ్టికి ఇంటికి పొమ్మన్నాడు. పెద్ద పెళ్లి సరుకు శుక్రవారం లోపల అందాలి గనక, రేపు మాత్రం రమ్మన్నాడు. అది చెప్పేటప్పుడు ఎవరి ముఖమూ చూడలేదు. ప్రకాశం తలూపాడు. రేపు రాకపోతే ఆ మిషను రాదు. ఎక్కడికి పోయినా సుత్తి తప్ప అతని చేతికి ఇంకోటి రాదు.

దుర్గయ్య రిక్షా గల్లీ మొదట్లో ఆగింది. ట్రంకుపెట్టె ఒకవైపు ప్రకాశం పట్టాడు. రెండోవైపు ఎవరూ అడక్కుండానే బుచ్చయ్య వచ్చి పట్టాడు. పెట్టె రిక్షాలో పెట్టాక చేతులు తుడుచుకుని వెనుదిరగబోయాడు. రాహేలు అతని తోవకు అడ్డం నిలబడింది.

“బుచ్చయ్యన్నా, నీకు ఇంకా మంచిగ ఇనవడ్తున్నది. అండ్లకు పోకు. మళ్ల నీ ఊరికి పో. ఏ పనన్న చేసుకో. నీ బిడ్డలు పిలిస్తే పలకాలె గదా.”

బుచ్చయ్య తల వంచుకుని నిలబడ్డాడు. తువ్వాలు భుజం మార్చుకున్నాడు. ఎండిన చేలు, అత్తగారింట పెళ్లాం, ఇద్దరు పిల్లలు, అన్నీ ఆ తువ్వాలులో మూటకట్టి ఉన్నట్టు దాన్ని ఒకసారి సవరించుకున్నాడు.

“ఇనవడ్డదక్కా,” అన్నాడు.

అని, కార్ఖానాలోకి పోయాడు.

రిక్షా కదిలింది. ప్రకాశం బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఆ చిన్న చెవులకేసి చూస్తున్నాడు. మలుపు తిరగకముందే వెనకనుంచి సుత్తులు ఒకదాని వెంట ఒకటి లేచాయి. రాహేలు విన్నది. చివరిది కాస్త ఆలస్యంగా లేచింది, వరస ఇంకా కుదరని చేతిది.